నమాజు అయ్యేదాకా ఆగలేని కాళ్ళు

మడికేరిలో ఆ ఇంటాయన నన్ను వాస్తు పిచ్చిదాన్ని అనుకున్నాడు. కొండ అంచున, కాఫీ తోట మధ్య నాలుగు గదులు కట్టి వచ్చిపోయేవాళ్ళకు అద్దెకిచ్చే పెద్దమనిషి. వేణ్ణీళ్ళున్నాయి, పొద్దున్నే మంచు దిగుతుంది, మిరియాల తీగలు కిటికీలోంచి చేతికందుతాయి అని ఫోనులో ముచ్చటగా చెప్పుకుంటూ పోతున్నాడు. నేను అడ్డం పడి, "గదిలో పడమటి గోడ ఎటుంది? ఆ గోడకు ఏమన్నా బొమ్మలు తగిలించారా?" అని అడిగాను. ఆయన, "వాస్తా మేడం?" అన్నాడు. వాస్తు కాదు, నమాజుకు, అన్నాను. "మంచిది మేడం, ఆ గోడ ఖాళీగానే ఉంది" అన్నాడు మర్యాదగా. అక్కడితో ఊరుకున్నానా? మీ వంటింట్లో పందిమాంసం వండుతారా అని అడిగాను. ఆయన గొంతు ఒక్కసారిగా విప్పారింది. "మా ఇంట్లో అదే ఫేమస్ మేడం! ఎంత మందికి చెయ్యమంటారు?" అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. పక్కన కూర్చున్న నా బిడ్డ సంధ్య కడుపు పట్టుకొని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. లేచి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగాను. అప్పటికి వారం రోజులుగా నా పని అదే. ఫోను చెయ్యడం, నోటుబుక్కులో రాసుకోవడం, కొట్టేయడం, లేచి తిరగడం.

ఇదంతా ఖైరున్నీసా ఆపా కోసం. జగిత్యాలలో ఆడపిల్లల బడిలో ఆమె, నేను ముప్పై ఏళ్ళు కలిసి పాఠాలు చెప్పాం. ఆమెది లెక్కలు, నాది తెలుగు. ఆమె మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, వచ్చే నెలలో ఆపరేషన్. "కత్తి పడకముందు ఒక్కసారి కొండలు చూడాలె భారతీ" అంది ఒకనాడు మా ఇంట్లో చాయ్ తాగుతూ. "పచ్చగ ఉండాలె, సల్లగ ఉండాలె. గీ ఎండల ముప్పై ఏండ్లు సుద్దముక్కలు అరగదీసినం, సాలదా? నా కొడుకు, కోడలు అస్తరు. నువ్వు, నీ బిడ్డ రాండ్రి. రెండు దినాలు ఉండి వద్దం." సరే అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టి, "ఏర్పాట్లన్ని నువ్వే చెయ్యి. నువ్వు చెప్పినకాడ పంట, నువ్వు చెప్పినకాడ తింట. నేను ఒక్క మాట అడగ" అంది. ఆమె ప్రేమతోనే అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

కాచిగూడలో రైలు, మైసూరు నుంచి కారు, అదంతా సంధ్య ఫోనులోనే చిటికెలో చూసేసింది. నా బాధ తిండి దగ్గర. హలాల్ దొరికే హోటళ్ళు ఏవి, పంది వండిన గిన్నెలోనే కోడిని వండుతారా, కింద బారు లేని హోటలు ఉందా, జలపాతం దారిలో కాసేపు బండి ఆపి నమాజు చేసుకునే చోటుందా. ఫోను ఎత్తిన ప్రతివాడూ ఔను మేడం, హలాలే మేడం, అన్నాడు. నేను ఎవరు కోస్తారు, ఎక్కడి నుంచి తెస్తారు, మీరు కళ్ళతో చూశారా అని అడిగాను. ఒకాయన విసుక్కొని కట్ చేశాడు. "అమ్మా, అడిగితే ఔనంటరు. ఇగ అయిపాయె. ఇంకేం కావాలె నీకు? లేకపోతె అందరం పప్పన్నమే తిందం" అంది సంధ్య. అది తెలివైన మాటే. కానీ నా పిల్లకు చెప్పలేకపోయాను, ఔను అనే మాట ఎంత తేలికో నాకు తెలుసని. పదకొండేళ్ళ వయసులో నేనూ ఒకసారి అట్లా ఔనన్నాను.

అప్పుడు మేము సిరిసిల్లలో నేతవాడలో ఉండేవాళ్ళం. ముందుగదిలో బాపు గుంట మగ్గం. తెల్లారకముందే ఆయన గుంటలో కాళ్ళు దించి కూర్చునేవాడు. ఆ చప్పుడు మాకు గడియారం. చప్పుడు ఆగిందంటే పోగు తెగిందనో, చాయ్ వేళైందనో అర్థం. వాకిట్లో గంజి పెట్టిన నూలు ఆరేసి ఉండేది. ఆ పులిసిన గంజి వాసన మా బట్టలకు, జుట్టుకు, పుస్తకాలకు పట్టేది. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది కూడా. బాపు తల్లి, మా బాపమ్మ, అరుగు మీద రాట్నం పెట్టుకొని కండెలు చుట్టేది. ఆమె చెయ్యి రాట్నం మీద, కన్ను వీధి మీద, నోరు నా మీద. "కూసోవే, ఒక్క గడియ కూసోవే! కాళ్ళల్ల సక్రాలున్నయా నీకు?" అనేది. నేను కూర్చునేదాన్ని కాదు. నాకు అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు గడప అవతల ఉండేదని మా ఇంట్లో చెప్పుకుని నవ్వేవారు.

బాపమ్మకు మడీ దడీ పెద్దగా లేవు గానీ ఒక పట్టింపు మాత్రం గట్టిగా ఉండేది. హలాల్ చెయ్యని కోడిగానీ మేకగానీ ఆమె పొయ్యి ఎక్కేది కాదు. ఇది వింటే ఈకాలపు పిల్లలు నమ్మరు. మా ఇంట్లో దేవుడి గూట్లో రాజన్న పటం ఉంది, మార్కండేయుడి పటం ఉంది. బోనం ఎత్తే ఇల్లు మాది. అయినా కోడిని కొయ్యాలంటే మసీదు సందులో ముల్లా సాబు దగ్గరికి పోవాల్సిందే. మా ఇల్లే కాదు, ఆ వాడంతా అంతే. ఆదివారం పొద్దున చంకలో కోడిని పెట్టుకొని మా ఈడు పిల్లలం వరసగా పోయేవాళ్ళం. ముల్లా సాబు కోడిని పడమటికి తిప్పి, పెదవుల్లోపల అల్లా పేరు తలుచుకొని, పని కానిచ్చి ఇచ్చేవాడు. బాపమ్మ పంపిన సోలెడు బియ్యం ఆయన సంచిలో పోసి వచ్చేవాళ్ళం. మనకెందుకే ఇదంతా అని ఒకసారి బాపమ్మను అడిగాను. "ఇంటి ముంగటికి ఎవలన్న రావచ్చు. వచ్చినోల్లు ఎవలైన గీ కూర ముంగట కూసోని తినేటట్టుండాలె. తినరాని కూర వండితె అది వంటేనా?" అంది కండె మార్చుకుంటూ. ఆమెకు చదువు రాదు. నేను ఇంత చదివి, ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి, ఆ మాటకంటే మంచి మాట పిల్లలకు చెప్పలేదు.

మా ఇంటికి అట్లా వచ్చే మనిషి యాకూబ్ చాచా. కోరుట్లలో ఆయనకు బట్టల దుకాణం. నెలకొకసారి వేములవాడ మీదుగా బస్సులో వచ్చి, బాపు నేసిన తువ్వాళ్ళు తీసుకుపోయేవాడు. తువ్వాలు అంచును చెంపకు రాసుకొని చూసేవాడు. గరుకుగా తగిలితే, "రాజేశం, గీ నెల గంజి జర ఎక్కువైంది" అనేవాడు. బాపు ఒప్పుకునేవాడు కాదు. ఇద్దరికీ కాసేపు వాదన జరిగేది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి అన్నానికి కూర్చునేవారు. చాచా వస్తే ఆ రోజు మా ఇంట్లో కోడి కోయాల్సిందే. ఆయన భార్య పంపిన నిమ్మకాయ తొక్కు సీసా ఒకటి ఆయన సంచిలో తప్పకుండా ఉండేది. దాన్ని నేను దొంగతనంగా వేలుతో నాకేదాన్ని.

నేను ఔనన్న ఆ రోజు శుక్రవారం. చాచా మధ్యాహ్నానికి కాస్త ముందు వచ్చాడు. కాళ్ళు కడుక్కొని, "నమాజుకు పోయొస్త" అని మసీదుకు బయలుదేరడానికి సిద్ధమవుతున్నాడు. బాపమ్మ ఎర్రకోడిని పట్టి కాళ్ళు కట్టి నా చంకలో, ముల్లా సాబుకు బియ్యం మూట నా చేతిలో పెట్టింది. "ఉరుకు. నమాజు మొదలుగాకముందె ముల్లా సాబుతోని హలాల్ చేపిచ్చుకరా. యాకూబు తిరిగొచ్చేసరికి కూర ఉడుకాలె" అంది. నేను ఉరికాను. వీధి మలుపు దాకా బాగానే ఉరికాను. అక్కడ కొత్త షెడ్డులో సాంచాలు దించుతున్నారు. కరెంటుతో నడిచే మగ్గాన్ని మా ఊళ్ళో సాంచా అంటారు. మా వాడలో అవే మొదటివి. ఒకదాన్ని అప్పటికే బిగించి నడిపి చూస్తున్నారు. నేల అదిరిపోతోంది. మనిషి కాలు కదపకుండా బట్ట దానంతటదే దిగిపోతుంటే నోరు తెరుచుకొని నిలబడ్డాను. నా జన్మలో నేను ఒకచోట నిలబడ్డది ఆ కాసేపే. నా చంకలో కోడి కూడా బిత్తరపోయి చూసింది.

మసీదు దగ్గరికి పోయేసరికి నమాజు మొదలైంది. లోపల అందరూ వరసలుగా నిలబడి ఉన్నారు. ముల్లా సాబు ముందున్నాడు. రెండో వరసలో చాచా వీపు కనిపించింది. ఆయన చొక్కా మీద బస్సు సీటు దుమ్ము ఇంకా అంటుకొని ఉంది. వాళ్ళు వంగారు, నేల మీద తల ఆనించారు, లేచారు. నేను గోడవార ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాను. కోడి కొట్టుకుంటోంది. బాపమ్మ ఈపాటికి పొయ్యి రాజేసి వాకిట్లోకి చూస్తూ ఉంటుంది. అప్పుడు అటుగా నూలుకు రంగులద్దే సాయిలు మామ వచ్చాడు, మోచేతుల దాకా నీలంతో. "ఏందే, కోడిని పట్టుకోని గట్ల ఎగురుతున్నవ్?" అన్నాడు. చెప్పాను. "నమాజు ఇప్పుడే అయితదా? తే ఇటు, నేను కోసిస్త. కోడికి తెలుస్తదా ఎవలు కోసిండ్రో?" అని నవ్వాడు. మొలలో దోపుకున్న నూలు కోసే కత్తి తీశాడు. ఇవ్వనని అంటే ఆయన తన దారిన పోయేవాడే, నన్నేం బలవంతం పెట్టలేదు. నేను ఇచ్చాను. లోపల చాచా నేలకు తల ఆనించి ఉండగా, గోడకు ఇవతల ఆ పని అయిపోయింది.

"హలాలేనా?" అంది బాపమ్మ, కోడిని చేతిలోకి తీసుకుంటూ. ప్రతిసారీ అడిగే మాటే. "ఆ" అన్నాను. బియ్యం మూట ఏదని అడగలేదు. దాన్ని నేను దారిలో మేకలకు పోసేశాను. చాచా వచ్చేసరికి కూర ఉడుకుతోంది. ఆయన బాపు పక్కన కూర్చొని, మొదటి ముద్ద తిని, "అమ్మా, నేను కోరుట్ల దాటితె ఎక్కడ ముట్ట. మీ ఇంట్ల తినాల్నంటె అడుగుడు లేదు, ఆలోచించుడు లేదు" అన్నాడు. బాపమ్మ ముఖం వెలిగిపోయింది. నేను స్తంభం చాటున నిలబడ్డాను. ఆయన నన్ను చూసి పిలిచి, తన కంచంలోంచి కార్జం ముక్క, కోడి కాలేయం, తీసి నా చేతిలో పెట్టాడు. "ఉరికి ఉరికి తెచ్చింది పిల్ల. కార్జం బిడ్డకే" అన్నాడు. నమలకుండా మింగేశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా నోరు విప్పలేదు. ఆయన ఒక్కడికే కాదు, బాపమ్మకు కూడా ఆ రోజు నేను తినకూడనిదే తినిపించాను. ఆమె ఆ సంగతి తెలియకుండానే పోయింది. చాచా కూడా, నేను టీచరు ట్రైనింగులో ఉండగా పోయాడు.

జగిత్యాల బళ్ళో చేరిన మొదటి రోజు స్టాఫ్ రూములో ఒకామె నా ఊరు అడిగింది, బాపు పేరు అడిగింది. విని లేచి నిలబడింది. "సిరిసిల్ల రాజేశం బిడ్డవా? మా అబ్బ చచ్చేదాక మీ ఇంటి కూర ముచ్చటే చెప్పిండు. బయట నీళ్ళు తప్ప ముట్టకపోతుండె, ఒక్క మీ ఇంట్లనే" అని తన టిఫిన్ గిన్నె నా ముందుకు తోసింది. అదే ఖైరున్నీసా ఆపా, యాకూబ్ చాచా బిడ్డ. ఇక నేనెక్కడ చెప్పను? ఆ రోజు చెప్పలేదు, మరునాడు చెప్పలేదు. అట్లా ముప్పై ఏళ్ళయింది. నా ఇంట్లో ఆమె ఎన్నిసార్లు తిన్నదో లెక్కలేదు. ఒక్కసారీ అడగలేదు. తండ్రి తిన్న ఇల్లు అనే లెక్కతో తినేది. నేను ఏ లోటూ చెయ్యలేదు, బాపమ్మ పద్ధతి తప్పలేదు. కానీ ఆమె ముద్ద కలిపినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని, నీళ్ళకనో ఉప్పుకనో.

ఈమధ్య సిరిసిల్లలో మా చుట్టాలింట పెళ్ళి జరిగింది. మేకలు ఎవరు కోశారు, ముల్లా సాబును పిలిచారా అని అడిగితే, పెళ్ళికొడుకు తమ్ముడు, "గదంత మనకెందుకు పెద్దమ్మా ఇప్పుడు?" అన్నాడు. తప్పు మాట అన్నానని కూడా వాడికి తెలియదు. పెళ్ళికొడుకు తండ్రిది సాంచాల షెడ్డు. ఆయనతో చిన్నప్పటి నుంచి కలిసి పనిచేసిన సాయబుల కుటుంబాలు రెండు వచ్చాయి. కూర ముట్టకుండా లడ్డూ మాత్రం తిని, చేతులు కడుక్కొని, అక్షింతలు వేసి వెళ్ళిపోయాయి. ఎవరూ గమనించలేదు. బాపమ్మ ఉంటే వంటవాళ్ళను పొయ్యి దగ్గర నుంచి లేపేది. నేను గమనించీ నోరు మూసుకొని కూర్చున్నాను. నోరు మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా.

ప్రయాణానికి రెండు రోజుల ముందు నోటుబుక్కు పట్టుకొని ఆపా ఇంటికి పోయాను. పడమటి గోడలు, బండి ఆపే చోట్లు, వంటింట్లో పంది రాని ఇల్లు, అన్నీ చదివి వినిపించాను. "ఎంత తండ్లాడినవే!" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఇక ఆగలేకపోయాను. ఎర్రకోడి, సాంచాలు, సాయిలు మామ, కార్జం ముక్క, అన్నీ చెప్పేశాను. ఆమె చెయ్యి తీసేసింది. మోకాళ్ళు రాసుకుంది. "తెల్వక తిన్నోల్లకు గునా, పాపం ఉండది" అంది. "మా అబ్బకేం కాదు. నువ్వు చిన్నపిల్లవు, గది గూడ పోనీ. కానీ ముప్పై ఏండ్లు ఎందుకు చెప్పలే భారతీ? నేను నీ ఇంట్ల ఏనాడన్న అడిగిన్నా?" లేదన్నాను. "ఇగ అడగాల్నా?" అంది. ఆమె గోడ పట్టుకొని మెల్లగా లేచి లోపలికి పోయింది. నేను నోటుబుక్కు అక్కడే వదిలేసి వచ్చాను. మరునాడంతా ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను, మోగకపోతే తిరిగాను. టికెట్లు రద్దు చేద్దామా అని సంధ్య అడిగింది. సాయంత్రానికి ఆపా ఫోను వచ్చింది. "మంకీ టోపీ పెట్టుకోవాల్నా?" అంది. పెట్టుకో అన్నాను. అంతే మాట్లాడింది.

మడికేరి నిజంగానే పచ్చగా ఉంది. ఇళ్ళన్నీ కొండ మీద ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టుంటాయి. ఎటు చూసినా చెట్లు, వాటి మధ్యలోంచి పొగలాగా మంచు. ఆపా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చొని, "యా అల్లా, గింత సల్లగుంటదా!" అంది పిల్లలాగా. నాతో మాత్రం అవసరమైనంతే మాట్లాడింది. ఆ మధ్యాహ్నం నా లిస్టులోని హోటలుకే పోయాం. గోడకు హలాల్ బోర్డు ఉంది. వడ్డించేవాడు అడగకముందే ఔనన్నాడు. ఆపా వాడి వైపు చూడలేదు. నా వైపు తిరిగి, కొడుకూ కోడలూ వింటుండగానే, "నువ్వు చెప్పు. తినాల్నా?" అంది. ఔను అనడానికి నోరు తెరిచాను. నాలిక మీదికి వచ్చింది కూడా. "తెల్వది ఆపా" అన్నాను. "బోర్డు ఉన్నది. పిల్లగాడు ఔనంటున్నడు. నా కండ్లతోని నేను చూడలే." ఆమె నా ముఖంలోకి చూసి, "పెరుగన్నం తెమ్మను" అంది.

మరునాడు ఆదివారం. పొద్దున ఎవరికీ చెప్పకుండా బజారుకు దిగాను. జగిత్యాల నుంచి కొత్త గిన్నె ఒకటి, మన కారం, కొబ్బరి, గసగసాలు సంచిలో పెట్టుకొని వచ్చాను లెండి. ముందు మసీదు దగ్గర ఒకరిద్దరిని అడిగి, వాళ్ళు ఎక్కడ కొంటారో ఆ కోళ్ళ దుకాణానికే పోయాను. దారి తప్పి, ఎక్కీ దిగీ, చేరేసరికి మధ్యాహ్నమైంది. దుకాణాయన అప్పుడే షట్టరు సగం దించి, నమాజుకు పోతున్నానని సైగ చేశాడు. వాన మొదలైంది. సంధ్య ఫోను చేసింది. "ఏడున్నవే అమ్మా? అందరం తినడానికి చూస్తున్నం. పక్కన ఇంకో దుకాణం లేదా?" అంది. ఉంది, అన్నాను. పక్కనే ఇంకొకాయన రమ్మని పిలుస్తున్నాడు కూడా. "మరి?" అంది. "నిలవడ్డ" అన్నాను. షట్టరు ముందు గొడుగు పట్టుకొని నిలబడ్డాను. కాళ్ళు లాగాయి, చెప్పుల్లోకి నీళ్ళు వచ్చాయి. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాను గానీ కదల్లేదు. ఆయన తిరిగొచ్చి, టోపీ మడిచి జేబులో పెట్టుకొని, నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. కోడిని పడమటికి తిప్పాడు. పెదవులు కదిలాయి. దగ్గరగా నిలబడి చూశాను.

మేము దిగిన ఇంటి వెనక పెరట్లో ఇటుకలు పెట్టుకొని కొత్త గిన్నెలో నేనే వండాను. తడి కట్టెల పొగకు కళ్ళు మండాయి. అన్నాలు తినేసరికి పొద్దు వాలుతోంది. ఆపా కంచంలో నేనే వడ్డించి, ఈసారి వంటింట్లోకి పోకుండా ఆమె ఎదురుగా కూర్చున్నాను. అడుగుతుందని చూశాను. ఎక్కడ కొన్నానో, ఎంతసేపు నిలబడ్డానో, ఎవరు కోశారో, అన్నిటికీ జవాబు నా దగ్గర ఉంది. ఆమె అన్నంలో కూర కలిపింది. ఒక ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది.

"ఉప్పు తక్కువైంది" అంది, చెయ్యి చాపి.

ఉప్పు గిన్నె నా పక్కనే ఉంది. కూర్చున్నచోటి నుంచి లేవకుండా అందించాను.